విదేశీ పబ్లిక్ ఆర్ట్ మన వీధిలోకి: మొదటి మీటింగ్ నుంచి చివరి బోల్టు దాకా

"ఫలానా కళాకారుడి పని మా ఊళ్లో పెట్టాలనుంది, ఎవరికి మెయిల్ పెట్టాలి?" ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది కాబట్టి ఒకేచోట వివరంగా రాస్తున్నాను. మెయిల్ పెట్టడం పెద్ద పని కాదు. చిక్కంతా వరసలోనే. ముందు చేయాల్సింది వెనక్కి వెళ్తే డబ్బు, టైమ్, పరువు మూడూ పోతాయి.

ఒక్క తేడా మాత్రం చివరిదాకా గుర్తుపెట్టుకోండి. మ్యూజియానికి జనం కావాలని వస్తారు. వీధిలో పెట్టిన శిల్పాన్ని మాత్రం బస్సు కోసం పరిగెత్తేవాడు కూడా చూడాల్సిందే, ఇష్టం ఉన్నా లేకున్నా. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఇందుకోసమే.

1. ముందు స్థలం, తర్వాతే కళాకారుడు

పేరున్న కళాకారుణ్ణి పట్టుకుని, ఆ తర్వాత ఆ పనికి చోటు వెతకడం అందరూ చేసే తప్పు. ముందు చోటు ఖాయం చేసుకోండి.

ఖాయం చేసుకునే ముందు అక్కడికి వెళ్లి కూర్చోండి. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి, సెలవు రోజు ఒకసారి, వాన రోజు ఒకసారి. ప్రతిసారీ కనీసం గంట. చేతిలో కాగితం పెట్టుకుని జనం నడిచే దారులను గీతలుగా గీయండి. ప్లాన్‌లో ఉన్న బాటలు కాదు, నిజంగా అడ్డంగా కోసుకుని వెళ్లే దారులు.

ఈ గీతలు గీయకపోతే ఏమవుతుందో న్యూయార్క్ చూపించింది. 1981లో ఫెడరల్ ప్లాజాలో రిచర్డ్ సెర్రా చేసిన 'టిల్టెడ్ ఆర్క్' పెట్టారు. 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు గోడ. రోజూ ఆ ఆవరణ దాటే ఆఫీసు ఉద్యోగులు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. 1985లో బహిరంగ విచారణ పెడితే మాట్లాడిన 180 మందిలో 122 మంది శిల్పం ఉండాలనే అన్నారు. అయినా 1989లో ముక్కలు చేసి తీసేశారు. మీటింగ్‌లో మైకు పట్టుకునేవాళ్లు, రోజూ ఆ దారిన నడిచేవాళ్లు ఒకరే కావాలని లేదు.

స్థలం దగ్గర తేల్చుకోవాల్సినవి:

☐ స్థలం ఎవరిది, సంతకం ఎవరు పెట్టాలి
☐ నేల కింద ఏముంది: నీటి పైపు, కరెంటు కేబుల్, డ్రైనేజీ
☐ క్రేన్ వచ్చే దారి, తలపైన తీగలు
☐ అంబులెన్సుకి, ఫైరింజన్‌కి అడ్డం లేని వెడల్పు
☐ చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు పని దగ్గరిదాకా రాగలరా
☐ రాత్రి వెలుతురు

2. అక్కడ రోజూ ఉండేవాళ్లతో కూర్చోండి

అన్నింటికంటే ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది హాలు బుక్ చేసి, ప్రొజెక్టర్ పెట్టి, ఒక గంటలో ముగించేస్తారు. హాలుకు వచ్చేది ఎప్పుడూ వచ్చేవాళ్లే. ఊడ్చేవాళ్లు, బండి పెట్టుకుని అమ్ముకునేవాళ్లు, సాయంత్రం బెంచీ మీద కూర్చునే పెద్దవాళ్లు, అక్కడే ఆడుకునే పిల్లలు, రాత్రి వాచ్‌మన్ ఎవరూ రారు. మీరే వాళ్ల దగ్గరికి, వాళ్లకు తీరికైన టైమ్‌కి వెళ్లాలి.

మొదటిసారి వెళ్లినప్పుడు కళాకృతి ఫొటోలు తీసుకెళ్లకండి. ఫొటో చూపిస్తే మాటంతా "బాగుంది, బాగోలేదు" దగ్గరే ఆగిపోతుంది. ఈ మూడు ప్రశ్నలు అడగండి:

☐ ఇక్కడ ఏది కదిలిస్తే మీకు కోపం వస్తుంది?
☐ ఏ టైమ్‌లో ఈ చోటు ఎవరిది?
☐ ఇంతకుముందు ఇక్కడ ఎవరైనా ఏదైనా కట్టారా, అది ఏమైంది?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబులు బంగారం. ఇలా ఉంటుంది సంభాషణ:

"అన్నా, ఇక్కడో పెద్ద శిల్పం పెడదామనుకుంటున్నారు."

"పెట్టండి సార్, నాకేం. నా బండి ఎక్కడ పెట్టుకోమంటారు మరి?"

కళ మీద ఆయనకు అభ్యంతరం లేదు. ఆరడుగుల చోటు మీద ఉంది. ఆ ఆరడుగులూ డ్రాయింగ్‌లో ముందే వదిలేస్తే రేపు మీ పనికి కాపలా ఆయనే కాస్తాడు. వదలకపోతే మొదటి ఫిర్యాదు ఆయనదే.

దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపించింది జపాన్‌లోని ఎచిగో-త్సుమారి ట్రైనాలె, అంటే మూడేళ్లకోసారి జరిగే కళోత్సవం. 2000లో మొదలైంది. దాదాపు 760 చదరపు కిలోమీటర్ల కొండ పల్లెల్లో, పొలాల్లో పనులు పెడతారు. దర్శకుడు ఫ్రామ్ కితగావాకు మొదట్లో స్థానికుల నుంచి గట్టి వ్యతిరేకతే ఎదురైంది. ఇల్యా, ఎమీలియా కబకోవ్ పని ఒకటి మడులలో నిలబెట్టాలంటే ఆ మడుల యజమాని ఒప్పుకోవాలి. ఆయన మొదట కుదరదన్నాడు. ఆ పని వరి సాగు గురించేనని తెలిశాక సరేనన్నాడు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. కళాకారులకూ ఊరివాళ్లకూ మధ్య తిరగడానికి 'కొహెబి' అనే వలంటీర్ల దళమే ఏర్పడింది. మీకూ అలాంటి నలుగురైదుగురు కావాలి, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కాదు, వినడం వచ్చినవాళ్లు.

ఇంకో మాట. స్థానికుల చేత పని చేయిస్తే కూలి ఇవ్వండి. 2013లో థామస్ హిర్ష్‌హార్న్ న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 'గ్రాంషి మాన్యుమెంట్' కట్టినప్పుడు అక్కడి కాలనీవాళ్లే జీతం తీసుకుని కట్టారు, నడిపారు. దానికి ముందు ఆయన చాలా కాలనీలు తిరిగి, కావాలన్న చోటునే ఎంచుకున్నాడు. "ప్రజల భాగస్వామ్యం" పేరుతో ఉచితంగా పని చేయించుకోవడం నాకు ఎప్పుడూ నచ్చదు.

3. ఏ దారిలో తేవాలో నిర్ణయించుకోండి

"తేవడం" అంటే ఓడలో దించడం ఒక్కటే కాదు. నాలుగు దారులున్నాయి.

*వస్తువే రావడం.* ఖర్చు ఎక్కువ, పేపర్ వర్క్ ఎక్కువ. అయితే ఊరూరా తిరగడానికే తయారైన పనులుంటాయి. ల్యూక్ జెర్రమ్ 'మ్యూజియం ఆఫ్ ది మూన్' 7 మీటర్ల వ్యాసం ఉన్న చందమామ. దాని మీద ఒక సెంటీమీటరు అసలు చంద్రుడి మీద 5 కిలోమీటర్లకు సమానం. గాలి తీసేసి మడిచి పట్టుకెళ్లిపోవచ్చు. గాలి నింపే పనులతో ఉన్న బాధ కూడా తెలుసుకోండి. ఫ్లోరెంటైన్ హాఫ్‌మన్ పెద్ద పసుపు బాతు 2013లో హాంకాంగ్‌లో గాలి పోయి నీళ్ల మీద చదునైపోయింది, అదే ఏడాది చివర తైవాన్‌లో పగిలింది.

*డ్రాయింగులు వచ్చి, ఇక్కడే తయారు కావడం.* రవాణా మిగులుతుంది. స్థానిక వెల్డర్లకు, వడ్రంగులకు పని దొరుకుతుంది. కాకపోతే ముందు ఒక చిన్న నమూనా చేసి కళాకారుడి చేత ఓకే అనిపించుకోవాలి, రంగు, అతుకు, పాలిష్ అన్నీ. ఒక్కోసారి ఈ దారి కొత్త కళనే పుట్టిస్తుంది. అమెరికా కళాకారిణి జానెట్ ఎకెల్మన్ 1997లో తన పెయింటింగుల ప్రదర్శన కోసం మహాబలిపురం వచ్చారు. రంగుల పార్సిల్ రాలేదు. గడువు దగ్గర పడుతుంటే ఒడ్డున జాలరులు పోగేస్తున్న వలలు కంటపడ్డాయి. వాళ్లతో కలిసి వలలతోనే శిల్పాలు చేశారు. ఈ రోజు నగరాల మీద ఆకాశంలో ఆవిడ వేలాడదీసే పెద్ద పెద్ద వలలన్నీ అక్కడ మొదలైనవే.

*ఫైలో, సూచనలో రావడం.* ఫ్రెంచి కళాకారుడు జేఆర్ 2011లో మొదలుపెట్టిన 'ఇన్‌సైడ్ అవుట్'లో స్థానికులే తమ ముఖాల ఫొటోలు పంపుతారు, పెద్ద పోస్టర్లుగా వచ్చాక తామే గోడలకు అంటిస్తారు. అదే ఏడాది కాండీ చాంగ్ న్యూ ఆర్లీన్స్‌లో ఒక పాడుబడ్డ ఇంటి గోడకు నల్లరంగు పూసి, "చనిపోయేలోపు నేను..." అని రాసి సుద్దముక్కలు పెట్టింది. ఆ గోడ చాలా దేశాల్లో, చాలా భాషల్లో మళ్లీ లేచింది.

*కళాకారుడే వచ్చి ఉండటం.* నాలుగు రోజులకు రప్పిస్తే మీకు మిగిలేది టూరిస్టు చూపుతో చేసిన పని. కనీసం నెల ఉండగలిగితేనే పిలవండి.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా మూడో దారి, ధైర్యం ఉంటే రెండోది. మొదటి ప్రయత్నంలోనే ఇరవై టన్నుల ఉక్కు తెప్పించుకోకండి.

4. అగ్రిమెంట్: సంతకానికి ముందు గొడవ పడండి

డబ్బు ఇచ్చేశాం కాబట్టి పని మన ఇష్టం అనుకోవద్దు. కళాకారుడికి నైతిక హక్కులుంటాయి, అంటే పని అమ్మేశాక కూడా దాన్ని పాడుచేస్తే అడిగే హక్కు. అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన ముక్కల్ని ఆయనకు తిరిగిచ్చి 5 లక్షల రూపాయల పరిహారం కట్టమంది. న్యూయార్క్‌లో 5పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ భవనం గోడల మీది గ్రాఫిటీకి 2013లో సున్నం కొట్టించిన యజమాని 67.5 లక్షల డాలర్లు కట్టాలని 2018లో కోర్టు తీర్పిచ్చింది.

☐ ఎన్ని రోజులు ఉంటుంది, పొడిగించాలంటే ఎవరు ఒప్పుకోవాలి
☐ పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎవరిని అడిగి
☐ చోటు మార్చవచ్చా, అత్యవసరంగా తీసేయవచ్చా
☐ ఫొటోలు, పోస్టర్లు, టీ-షర్టులు ఎవరి హక్కు
☐ పన్నులు, వీసా, ప్రయాణం, బస ఎవరి ఖర్చు
☐ కార్యక్రమం రద్దయితే ఇచ్చిన అడ్వాన్సు సంగతి

అత్యవసర తొలగింపు గురించి అడగడానికి అందరూ మొహమాటపడతారు. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి, పగలూ రాత్రీ వేరైన ఇంకో దేశంలో ఉన్న స్టూడియోకి ఫోన్ కలవక కూర్చున్నప్పుడు తెలుస్తుంది ఆ మొహమాటం ఖరీదు.

5. ఇంజనీరు మాటే చివరి మాట

బయట పెట్టే ఏ పనికైనా మొదటి శత్రువు గాలి. గాలి వేగం రెండింతలైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. "మొన్నటి గాలికి తట్టుకుంది కదా" అనే వాదన అందుకే చెల్లదు.

క్రిస్టో, జాన్-క్లోడ్ దంపతులు 1991లో జపాన్‌లోనూ కాలిఫోర్నియాలోనూ కలిపి 3,100 పెద్ద గొడుగులు నిలబెట్టారు. ఎంతో అనుభవం ఉన్న జట్టు. అయినా కాలిఫోర్నియాలో ఈదురుగాలికి ఒక గొడుగు ఊడి ఒక మహిళ చనిపోయింది. జపాన్‌లో విప్పదీసేటప్పుడు క్రేన్ హైటెన్షన్ తీగకు తగిలి ఒక కార్మికుడు పోయాడు. మొదటి చెక్‌లిస్టులో "తలపైన తీగలు" అని రాసింది ఇందుకే.

ఇంకోవైపు, ఇంగ్లండ్‌లో 1998లో నిలబెట్టిన ఆంటొనీ గోర్మ్‌లీ 'ఏంజెల్ ఆఫ్ ది నార్త్' ఉంది. 20 మీటర్ల ఎత్తు, 54 మీటర్ల రెక్కలు, అదీ గాలి బాగా వీచే గుట్ట మీద. పునాదిని దాదాపు 20 మీటర్ల లోతున ఉన్న రాతికి బిగించారు. జనానికి కనిపించేది రెక్కలు, డబ్బు పోయేది నేల కింద.

స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి:

☐ పని బరువు, అడుగుభాగం మీద పడే బరువు
☐ ఎంత గాలికి తట్టుకుంటుంది, ఎంత గాలికి దించాలి
☐ దించే పని ఎవరిది, ఎన్ని గంటల్లో
☐ పదిమంది ఒకేసారి ఎక్కితే ఏమవుతుంది
☐ కరెంటు ఉంటే ఎర్తింగ్, వానకు తడవని కనెక్షన్లు

నాలుగో పాయింటు చూసి "ఎక్కవద్దని బోర్డు పెడతాం" అంటారు కొందరు. ఎక్కుతారు. లెక్క వేసి ఉంచండి.

6. పెట్టె, కంటైనర్, కస్టమ్స్

వస్తువు వస్తున్నవాళ్లే ఇది చదవండి.

20 అడుగుల మామూలు కంటైనర్ తలుపు దాదాపు 2.34 మీటర్ల వెడల్పు, 2.28 మీటర్ల ఎత్తు. శిల్పం కొలత కాదు, చెక్క పెట్టెతో కలిపి, ఫోర్క్‌లిఫ్ట్ దూరడానికి కింద వేసే దుంగలతో కలిపి ఇందులో పట్టాలి. ఐదు సెంటీమీటర్ల తేడాతో మొత్తం ప్లాన్ తలకిందులవుతుంది.

చెక్క పెట్టెలకు ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నియమం ఉంది. చెక్కలో పురుగు రాకుండా, మధ్యభాగం 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండేలా వేడి చేసిన చెక్క, లేదా ఒప్పుకున్న వేరే పద్ధతిలో శుద్ధి చేసిన చెక్క వాడి, దాని మీద ముద్ర వేయాలి. లక్షల విలువ చేసే శిల్పం బాగానే ఉన్నా పెట్టెకు ముద్ర లేదని సరుకు రేవులోనే ఆగిపోవచ్చు. ప్లైవుడ్‌కి ఈ గొడవ లేదు.

తిరిగి వెళ్లిపోయే పనికి ఏటీఏ కార్నే అనే పత్రం ఉందేమో అడగండి. దాన్ని ఒప్పుకునే దేశాల మధ్య సుంకం కట్టకుండా తాత్కాలికంగా తెచ్చి మళ్లీ తీసుకెళ్లవచ్చు. మామూలుగా ఏడాది చెల్లుతుంది. గడువు దాటితే సుంకం మీ నెత్తిన పడుతుంది.

ఇన్సూరెన్స్ "గోడ నుంచి గోడ దాకా" ఉండాలి. అంటే అక్కడ దించిన క్షణం నుంచి, ఇక్కడ ఉన్నన్నాళ్లూ, తిరిగి అక్కడ పెట్టేదాకా.

పెట్టె తెరిచే రోజు హడావిడి పడకండి. ముందు బయట అంటించిన షాక్, టిల్ట్ స్టిక్కర్లు (పెట్టె గట్టిగా కుదిపినా, వాలినా రంగు మారేవి) చూడండి. రంగు మారి ఉంటే డెలివరీ కాగితం మీద ఆ మాట రాశాకే సంతకం పెట్టండి. మేకు తీసే ముందు ఒక ఫొటో, మూత తీశాక ఒకటి, పైన కప్పిన ఫోమ్ తీశాక ఒకటి. లోపలి పొరలకు నంబర్లు వేయండి, ఎందుకంటే ఆరు నెలల తర్వాత తిరిగి సర్దేది వేరే మనుషులు. ప్రతి గీతా సొట్టా కండిషన్ రిపోర్టులో, అంటే పని ఏ స్థితిలో ఉందో రాసే కాగితంలో ఎక్కాలి.

7. బిగించే రోజులు

ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒకే ఒక్క మనిషి మాట చెల్లాలి, ఆ మనిషి ఎవరో అందరికీ తెలియాలి. ఓపెనింగ్‌కి కనీసం మూడు రోజుల ముందు పని పూర్తయ్యేలా పెట్టుకోండి. చుట్టూ రేకులు కట్టి దాచేయకుండా కొంచెం తెరిచి ఉంచితే, పని జరుగుతున్నంతసేపూ జనం నిలబడి చూస్తారు. ప్రారంభోత్సవ ఉపన్యాసాల కంటే అది మేలు.

8. బోర్డు మీద ఏం రాయాలి, వాచ్‌మన్‌కి ఏం చెప్పాలి

ఎంతో శ్రమపడి తెచ్చిన పని ఇక్కడ వచ్చి చతికిలబడుతుంది. క్యూరేటర్ ఇంగ్లిష్‌లో రాసింది, ఎవరో గబగబా తెలుగు చేసింది, ఇలా ఉంటుంది:

"ఈ కళాకృతి స్థలకాల సంబంధాలను ప్రశ్నిస్తూ వీక్షకుడి అస్తిత్వాన్ని సంభాషణలోకి ఆహ్వానిస్తుంది."

చదివినవాడు తనకు అర్థం కాలేదనుకుని, తనదే తప్పనుకుని వెళ్లిపోతాడు. అదే పని గురించి ఇలా రాయొచ్చు:

"ఇది పడవ తాళ్లతో అల్లిన వల. గాలి ఎటు వీస్తే అటు ఊగుతుంది. కింద పడుకుని పైకి చూడండి, సాయంత్రం అయితే ఇంకా బాగుంటుంది. ముట్టుకోవచ్చు, లాగకండి."

అనువాదం చేయించకండి, తెలుగులోనే కొత్తగా రాయించండి. రాశాక అక్కడ తిరిగే ఒక పదేళ్ల పిల్లాడి చేత పైకి చదివించండి. నోరు తిరగని చోట మార్చండి.

బోర్డు చెప్పాల్సింది ఇంతే:

☐ ఇదేంటి, దేనితో చేశారు
☐ ఎవరు చేశారు, ఎక్కడివారు
☐ ఇక్కడే ఎందుకు
☐ ముట్టుకోవచ్చా, ఎక్కవచ్చా
☐ ఎన్నాళ్లుంటుంది
☐ ఎంతయింది, ఎవరి డబ్బు

చివరిది రాయడానికి భయపడతారు. మీరు రాయకపోతే పుకారు రాస్తుంది, అదీ ఒక సున్నా ఎక్కువ పెట్టి.

బోర్డు కంటే ముఖ్యం వాచ్‌మన్. "ఇదేంటన్నా?" అని జనం అడిగేది ఆయన్నే. "ఏమో, ఎవరో ఫారినోళ్లు పెట్టారు" అన్నాడంటే మీ కష్టమంతా ఆ ఒక్క మాటతో సరి. కళాకారుడు వచ్చినప్పుడు అరగంట ఆయన పక్కన కూర్చోబెట్టండి. ఊడ్చేవాళ్లనూ పిలవండి. మనిషికో కథ దొరికితే చాలు, వాళ్లు దాన్ని తమ ధోరణిలో చెప్పుకుంటారు. ఆ చెప్పడాన్ని సరిదిద్దకండి.

9. గొడవ వస్తే

మూడు రకాలుగా వస్తుంది, మందు మూడింటికీ వేరు.

భయం: గోర్మ్‌లీ 'ఈవెంట్ హొరైజన్'లో 31 మనిషి బొమ్మలు వీధుల్లో, భవనాల అంచుల మీద నిలబడతాయి. ఎవరో దూకబోతున్నారని జనం కంగారుపడ్డారు. 2010లో న్యూయార్క్‌లో అవి బొమ్మలేనని పోలీసులే జనానికి చెప్పారు. కాబట్టి పోలీసులకు, అంబులెన్సువాళ్లకు, చుట్టుపక్కల భవనాల సెక్యూరిటీకి ముందే ఫొటోలు పంపండి.

కోపం: 24 గంటల్లోపు కలిసి మాట్లాడండి. సోషల్ మీడియాలో జవాబివ్వకండి, మనిషిని పంపండి.

వెటకారం: ఇది మంచిదే. ఆనిష్ కపూర్ షికాగోలో పెట్టిన, అద్దంలా మెరిసే ఉక్కు శిల్పం 'క్లౌడ్ గేట్'ని జనం చిక్కుడుగింజ అని, 'బీన్' అని పిలుస్తారు. ఆ పేరు ఆయనకు నచ్చలేదు, జనం మానలేదు. ముద్దుపేరు పడిందంటే సొంతం చేసుకున్నట్టే.

దుర్వినియోగం వేరు. 2024 మేలో న్యూయార్క్‌నీ డబ్లిన్‌నీ లైవ్ వీడియోతో కలిపే 'పోర్టల్' తెరిచారు. కొందరి వెకిలి చేష్టలతో కొద్ది రోజుల్లోనే ఆపాల్సి వచ్చింది. మరీ దగ్గరికొస్తే చిత్రం మసకబారేలా మార్చి, వేళలు తగ్గించి మళ్లీ తెరిచారు. జనాన్ని తిట్టలేదు, డిజైన్‌ని సరిచేశారు. మీ జట్టు ఒక సాయంత్రం కూర్చుని "దీంతో ఎవరైనా చేయగలిగే అతి చెత్త పని ఏంటి?" అని జాబితా రాసుకుంటే సగం ముందే దొరుకుతుంది.

10. రోజువారీ చాకిరీ

క్లౌడ్ గేట్ కింది భాగాన్ని, చేతులు తగిలే ఎత్తు దాకా, రోజుకు రెండుసార్లు తుడుస్తారు. ఆ మెరుపు ఊరికే రాదు. తెచ్చే ఖర్చు అంతా దొరికి, తుడిచే ఖర్చు దొరక్క పాడైన పనులు చాలా ఉన్నాయి. కాబట్టి మెయింటెనెన్స్ డబ్బు మొదటి బడ్జెట్‌లోనే విడిగా పెట్టండి.

☐ రోజూ: చెత్త, మరకలు, లైట్లు
☐ వారానికోసారి: బోల్టులు, తాళ్లు, పదునైన అంచులు, ఒకే కోణం నుంచి ఫొటో
☐ పెద్ద గాలి, వాన తర్వాత: ఇంజనీరు చూసేదాకా తాడు కట్టి ఉంచండి
☐ పిచ్చిరాతలు: ఏ ద్రావకం వాడాలో కళాకారుణ్ణి అడిగాకే, వీలైతే ఆ రోజే

11. తీసేయడం

'ది గేట్స్' కోసం క్రిస్టో, జాన్-క్లోడ్ 1979లో అడగడం మొదలుపెడితే అనుమతి 2003లో దొరికింది. 2005 ఫిబ్రవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో 7,503 ద్వారాలు నిలిచింది 16 రోజులు. గడువు కాగానే దించేశారు. మీరూ తేదీకి కట్టుబడండి. "ఇంకో నెల ఉంచుదాం" అంటే ఇన్సూరెన్స్, కార్నే, ఇంజనీరు లెక్క మూడూ మళ్లీ తెరవాలి.

తీసేస్తున్నట్టు పది రోజుల ముందు బోర్డు పెట్టండి. చెప్పకుండా మాయం చేస్తే, మొదట తిట్టినవాళ్లే వచ్చి నిలదీస్తారు.

☐ విడదీసేటప్పుడు మళ్లీ కండిషన్ రిపోర్టు, వచ్చినప్పటి ఫొటోలు పక్కన పెట్టుకుని
☐ తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ ముద్ర కార్నే మీద పడిందో లేదో మీ కళ్లతో చూడటం
☐ నేలలో బోల్టులు మిగలకుండా కోసేయడం, గుంట పూడ్చడం, పలక మళ్లీ వేయడం
☐ సహకరించినవాళ్ల బాకీలు ఆ వారంలోనే తీర్చడం

వారం తర్వాత అదే చోటుకి, పొద్దున ఎనిమిదికే వెళ్లి గంట కూర్చోండి. మొదట గీసిన నడక దారుల కాగితం వెంట తీసుకెళ్లి, పక్కనే కొత్త గీతలు గీయండి. తేడా ఎక్కడ కనిపిస్తే, తర్వాతి పనికి స్థలం వెతకడం అక్కడ మొదలుపెట్టండి.